ఇప్ప లడ్డులో కొవ్వుండదని చెప్పాను

కొన్నేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. జిమ్‌లో ఎత్తే రకం కాదు. అదైతే ఎత్తాక కింద పెట్టొచ్చు. దీన్ని పెట్టడానికి చోటు దొరకలేదు. నేనెవరో మీకు తెలియదు కాబట్టి మీ దగ్గర పెడుతున్నాను.

ముందే చెప్తున్నాను, నాకు గర్వం ఎక్కువ. జిల్లా బాడీబిల్డింగ్ పోటీలో మొదటి బహుమతి నాది. మా సారపాకలో అలా పలకలు తేలిన పొట్ట అంతకుముందు ఎవరికీ లేదని నా అభిప్రాయం. దానికోసం నెలల తరబడి చప్పటి కోడిమాంసం, గుడ్డు తెల్లసొన తిన్నాను. కామెర్లు వచ్చాయేమోనని మా అమ్మ పసరు మందు తాగించబోయింది. వద్దన్నాను. అందులో ఎన్ని కేలరీలో తెలియదు.

నాతోపాటు శ్రీను కూడా కడుపు మాడ్చుకున్నాడు. ఇద్దరం పేపర్ మిల్లులో కాంట్రాక్టు కింద లారీల నుంచి వెదురు దించేవాళ్లం. ఒకే జిమ్, పోటీలో ఒకే బరువు విభాగం. గెలిచినవాడికి ఖమ్మంలో తెరవబోయే కొత్త జిమ్‌లో ట్రైనర్ పని ఇస్తానని మా జిమ్ ఓనర్ మాటిచ్చాడు. శ్రీను ఒళ్లు నాకంటే బాగుండేది. ఈ సంగతి ఇంతవరకూ ఎవరి ముందూ ఒప్పుకోలేదు.

వాళ్లక్క భద్రాచలంలో ఇప్పపువ్వు లడ్డూలు తయారుచేసే చోట పనిచేస్తుంది. పువ్వుతోపాటు బెల్లం, పల్లీలు, నెయ్యి. తమ్ముడు చిక్కిపోతున్నాడని డబ్బా నింపి పంపింది. దేంట్లో ఏముందో చదివి చెప్పడం మా ఇద్దరిలో నా పని. వాడు డబ్బా తెచ్చి నా ముందు పెట్టాడు.

"మామా, తినొచ్చా ఏంది?"

"అడవిల పువ్వు రా అది. దాంట్ల కొవ్వెక్కడిది? నేను గూడ తింట."

"జోక్ గిట్ల చేస్తలేవు గదా?"

"తిండి కాడ జోకులెందుకు జేస్త రా."

నా జీవితంలో నవ్వకుండా మాట్లాడింది ఆ ఒక్కసారే. నమ్మాడు. నాకిచ్చిన లడ్డు జేబులో వేసుకుని, సందు మలుపులో కోతికి పెట్టాను. దానికి పోటీ లేదు కదా.

పోటీ రోజు పొద్దున తూకంలో శ్రీను కాస్త ఎక్కువ తూగాడు. పై విభాగంలోకి నెట్టారు. అక్కడ దున్నల్లాంటి మనుషుల మధ్య గుంజలా నిలబడ్డాడు. నేను గెలిచాను. వేదిక దిగగానే అందరికంటే ముందు నన్ను భుజానికెత్తుకుంది వాడే.

ఓడించాలనే అన్నానా? నోటికొచ్చింది అనేశానా? ఇన్నాళ్లూ రెండోదే అని నన్ను నేను నమ్మించుకున్నాను. కానీ నోటికొచ్చింది అన్నవాడు, పోటీకి ముందే వాళ్లక్క రెండో డబ్బా పంపినప్పుడైనా నిజం చెప్పాలి కదా? చెప్పలేదు. మూత బిగుసుకుపోతే తీసిచ్చింది కూడా నేనే.

తర్వాత శ్రీను జిమ్ మానేశాడు. తనది కొవ్వు కరగని ఒళ్లని తేల్చుకున్నాడు. తనవల్లే ఓడాడేమోనని వాళ్లక్క మళ్లీ లడ్డూలు పంపలేదు. వాడు ఇప్పటికీ వెదురు దించుతున్నాడు. నేను ఖమ్మంలో, ఏం తినాలో జనానికి చెప్తున్నాను. బాగా చెప్తాను కూడా. నా దగ్గర చేరి పొట్ట తగ్గనివాడు లేడు.

పోయిన నెల శ్రీను ఫోన్ చేశాడు. పెళ్లి కుదిరిందట, పెళ్లి ఫోటోలు తీసేలోపు పొట్ట తగ్గాలట. తగ్గదని తెలుసు గానీ ఏం తినాలో నువ్వే చెప్పు, నువ్వు చెప్తే ఇంక డౌటుండదు అన్నాడు. అన్నీ సరిగ్గా చెప్పాను. ఒక్కటి తప్ప.

పతకం గోడ మీదనుంచి తియ్యను. దానికోసం నేను పస్తులున్నది నిజం. కానీ శ్రీనుది కొవ్వు కరగని ఒళ్లు కాదు. నేను అబద్ధం చెప్పాను.

హమ్మయ్య.