పచ్చ ట్యాగు ఉన్న పరంజా

బుకిట్ పంజాంగ్‌లో మా చెల్లెలి ఫ్లాట్‌కి ఎదురుగా ఒక భవనానికి మరమ్మతులు జరుగుతున్నాయి. ఐదారంతస్తుల ఎత్తున ఇనుప పరంజా, చుట్టూ వల, నిచ్చెన మొదట్లో పచ్చ ట్యాగు. “గ్రీన్ ఉంటే సేఫ్ లా, మామయ్యా,” ఇక్కడి యాసలో అంది మేనకోడలు. ఈ దేశపు నిబంధనల ప్రకారం శిక్షణ పొందినవాళ్లే పరంజాను కట్టాలి, విప్పాలి. బాధ్యుడైన సూపర్‌వైజరు వాడకానికి ముందొకసారి, తర్వాత కనీసం వారానికోసారి తనిఖీ చేయాలి. మన దగ్గర వెదురు బొంగుల పరంజాలు కూలిన వార్తలు చాలా రాసిన నాకు ఈ పద్ధతిని దగ్గర నుంచి చూడాలనిపించింది. శ్రీకాకుళంలో పనిచేసినప్పుడు పరిచయమైన సింహాచలం ఇక్కడ పరంజాలు కడుతున్నాడు. ఫోన్ చేస్తే ఆదివారం లిటిల్ ఇండియాకు రమ్మన్నాడు.

ఉదయం పదింటికి డౌన్‌టౌన్ లైన్ రైలెక్కాను. మారాల్సిన పని లేదు. అరగంట ప్రయాణం, టికెట్ రెండు డాలర్ల లోపు. సెలవురోజు కావడంతో సెరంగూన్ రోడ్డంతా మన కార్మికులే. భోజనం చేద్దామంటే సింహాచలం టీ చాలన్నాడు. ట్యాగుల గురించి అడిగాను. టీ గ్లాసు పక్కన పెట్టాడు.

“మా బావ పడిపోయిన రోజు కూడా ట్యాగు పచ్చగానే ఉంది సార్.”

బావంటే అతని అక్క భర్త అప్పారావు. సింహాచలం పనిచేసే సైటులోనే పెయింటరు. పరంజాను గోడకు బిగించి ఉంచే రాడ్లు రెండు అక్కడ లేకపోవడంతో, గాలివానకు అది ఊగి, అతను కింద పడ్డాడు.

“ఆటిని తీసింది నానే సార్. ‘ఒరే, బ్రష్షుకి అడ్డొస్తన్నాయి, ఒక్కపాలి తియ్యరా’ అన్నాడు. సూపర్‌వైజర్ని అడగాల. అక్క మొగుడు అడిగితే మళ్లీ పర్మిషనేటని తీసేసేను. అన్నం తిన్నాక పెట్టేద్దామనుకున్నాను. ఈలోగా వాన.” నా జేబులోని పెన్ను చూసి, “రాసుకోండి. పేర్లు మాత్రం మార్చండి,” అన్నాడు. మార్చాను.

మధ్యాహ్నం ఇద్దరం బస్సులో ఆసుపత్రికి వెళ్లాం. అప్పారావుకు నడుము కింద స్పర్శ లేదు. నన్ను చూసి, “పేపరాయన్ని తెచ్చేవేట్రా? ఫొటో ఎయ్యకండి సార్, గెడ్డం తియ్యలేదు,” అని నవ్వాడు.

“బావా, రేపు ఆఫీసులో నిజం సెప్పేస్తాను.”

“ఏటి సెప్తావు? నానే తీసేనని ఆళ్లకి సెప్పేసేను. నీ వర్కు పర్మిట్టు కూడా పోతే మీ అక్క ఎవుడి మొకం సూడాల?”

“అక్కకి?”

“దానికీ అదే సెప్పేను. ‘నా తమ్ముడు కట్టింది నువ్వెందుకు ముట్టుకున్నావు’ అని ఫోన్లో తిట్టింది కూడా.”

సింహాచలం జారిన దుప్పటిని బావ పాదాల మీదికి లాగాడు. అప్పారావుకు ఆ సంగతి తెలియలేదు.

తిరుగు రైల్లో ఆ నిబంధనలు మళ్లీ చదివాను. ఎత్తు, బరువు, తనిఖీ, ఎవరు ముట్టుకోవచ్చు అన్నది, అన్నీ ఉన్నాయి. వాటిలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. అయినా ఒక మనిషి ఇక నడవకపోవచ్చు. దర్యాప్తులో ఒక అబద్ధం నిజంలా మిగిలిపోతుంది. దాన్ని సరిదిద్దితే రెండో మనిషి బతుకుతెరువూ పోతుంది. సోమవారం పొద్దున్నే సింహాచలం మళ్లీ పరంజా ఎక్కుతాడు.

ఇక్కడికి పనికి వచ్చేవాళ్లకు ఒక్క మాట. రాడ్డు అడ్డొస్తే పని ఆపి సూపర్‌వైజరును పిలవండి. బంధువును పిలవకండి.