అడుగు చూడని కొవ్వొత్తి స్టాండు

ఒక గాజు కొవ్వొత్తి స్టాండు కోసం నేను నలభై మందికి మటన్ కూర వాసన మాత్రం చూపించి, రెండున్నర గంటలు ఆకలితో కూర్చోబెట్టాను. అందులో పాస్టరుగారూ ఉన్నారు. ఆ రోజు నేను ప్రాణాలతో బయటపడింది నా తెలివి వల్ల మాత్రం కాదు.

గోదావరిఖనిలో ఒక బొగ్గుగని లాంప్ రూంలో నా ఉద్యోగం. గనిలోకి దిగేవాళ్లకు టోపీ దీపాలు ఇవ్వడం, పైకొచ్చాక తీసుకోవడం. ప్రతి దీపానికీ ఒక నంబరు. "నంబర్ చూడకుంట దీపం ముట్టకు" అని నాకు పని నేర్పింది మా మామ, అంటే నా భార్య సునీతకు పెద్దనాన్న. ఆ మాటే నేను రోజూ అందరికీ చెబుతాను. మీరు దీన్ని కాస్త గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

ఇక నా పిచ్చి. పూర్వం ఫ్రాన్సులో కరిగించిన గాజును అచ్చులో నొక్కి కొవ్వొత్తి స్టాండ్లు చేసేవారు. రంగు కోసం గాజులో చిటికెడు యురేనియం కలిపేవారు. మామూలుగా చూస్తే పలచని నిమ్మకాయ షర్బత్ రంగు. చీకట్లో పెట్టి, దొంగనోట్లు పట్టే ఊదారంగు టార్చి వేశామా, లోపల ఎవరో కరెంటు ఇచ్చినట్టు పచ్చగా వెలుగుతుంది! హైదరాబాదు పాత సామాన్ల బజారులో ఒకటి దొరికింది. తర్వాత ఇంకో రెండు. రోజూ బాత్రూం తలుపేసుకుని వాటిని చూసుకునేవాణ్ని.

"యురేనియమా? ఇంట్ల పెట్టినవా?" అంది సునీత.

"చిటికెడే. ఏం గాదు."

"ఏం గాదా? గంట గంట బాత్రూంల కూసుంటున్నవ్. నీకు అయ్యేది అయ్యింది."

ఒకటే బాధ. మూడూ మూడు రకాలు. జత లేని స్టాండు ఒంటికాలి చెప్పులాంటిది. అలాంటిది ఒకనాడు మందమర్రిలో అత్తమ్మ, అంటే ఆ మామ భార్య ఇంట్లో, చనిపోయిన మామ ఫొటో ముందు, నా మొదటి స్టాండుకు అచ్చం జత కనబడింది! అత్తమ్మ దవాఖానలో ఆయాగా చేసిన రోజుల్లో, తన దేశం వెళ్లిపోతూ ఒక నర్సమ్మ ఇచ్చిందట.

అడిగితే సరిపోయేది. అడగకపోవడమే నా తప్పు. అడిగితే దాని గొప్పతనం తెలిసి ఇవ్వదేమోనని భయపడ్డాను. పెద్దపల్లి గిఫ్టు షాపులో దాని పోలికలున్న కొత్త స్టాండు కొన్నాను. మామ జ్ఞాపక ప్రార్థనకు ముందురోజు, పనిసాయం పేరుతో మందమర్రి వెళ్లాను.

"అత్తమ్మా, స్టాండు కడిగి పెడుత."

"బంగారం అసొంటి అల్లుడు!" అంది ఆ తల్లి.

బంగారం వంటింట్లోకి వెళ్లి, కొత్తది కడిగి పెట్టి, పాతది సంచిలో వేసుకుని వచ్చేసింది.

మర్నాడు మధ్యాహ్నం ఇల్లంతా చుట్టాలు, రిటైరైన గని కార్మికులు. అత్తమ్మ కొవ్వొత్తి గుచ్చబోతూ, అలవాటుగా స్టాండు తిరగేసి అడుగున బొటనవేలితో తడిమింది. ఆగిపోయింది.

"నంబర్ ఏది?"

"ఏం నంబర్ అత్తమ్మా?"

"మీ మామ గనిల దిగేటప్పటి దీపం నంబర్. నాలుగు వందల పదిహేడు. అద్దాలు కోసేటోనితోని గీకిచ్చిండు."

"సబ్బుకు పోయిందేమో..."

"గాజు మీది గీత సబ్బుకు పోతదా? కడిగినవా, రందా పట్టినవా?"

గనిలో షిఫ్టు ముగిశాక ఒక్క దీపం తిరిగి రాకపోయినా, ఒక మనిషి కింద ఉండిపోయాడనే అర్థం. ఆ సంగతి తేలేదాకా అందరికీ గుండెదడే. అత్తమ్మ జీవితమంతా లాంప్ రూం మనిషితో కాపురం చేసింది.

"దీపం రాలేదంటే మనిషి రానట్టే. ఆయన నంబర్ వచ్చేదాక ప్రార్థన లేదు, బువ్వ లేదు."

కూర గిన్నె మీద మూత పడింది. పాస్టరుగారు బైబిలు మూసి, గిన్నె వైపు దీనంగా చూశారు. మూలనున్న ముసలి కాక ఒకాయన గొంతు సవరించుకున్నాడు.

"నిన్న దాన్ని కడిగిందెవలు?"

నలభై తలలు నావైపు తిరిగాయి, నలభై టోపీ దీపాలు ఒకేసారి మొహాన పడ్డట్టు.

"నేనే తీస్కపోయిన అత్తమ్మా. తప్పయింది."

 

"పోయి తే" అంది అత్తమ్మ.

బస్సెక్కి గోదావరిఖనిలో మా ఇంటికి వెళ్లి, మళ్లీ బస్సులో వచ్చాను. స్టాండు చేతికిస్తుంటే అడిగింది:

"నంబర్ చూసి తెచ్చినవా?"

నేను గబగబా స్టాండు తిరగేశాను.

"లాంప్ రూంల ఏం కొలువు చేస్తున్నవ్ బిడ్డా? ఆ, చదువు."

గీతలు సన్నగా ఉన్నాయి, సరిగ్గా కనబడలేదు. జేబులో నా ఊదారంగు టార్చి ఉంది. తలుపులు, కిటికీలు మూయించి వేశాను. గాజు పచ్చగా భగ్గుమంది. ఆకలి మరిచిపోయి అందరూ "అబ్బా!" అన్నారు. ఆ వెలుగులో అడుగున నాలుగు వందల పదిహేడు తేలింది. దాని కింద ఇంకో వరస కొత్తగా గీకి ఉంది: "నా తర్వాత అల్లునికి."

"వచ్చినప్పుడల్లా దాన్నే గుడ్లప్పగించి చూస్తుంటివి గదా. పోయినేడే రాయించిన" అంది అత్తమ్మ.

నాకు రాసిపెట్టినదాన్ని నేనే దొంగిలించాను!

"దీనికి జోడు నీ దగ్గరున్నదట గదా? సునీత చెప్పింది. అది గూడ తెచ్చి ఈడ పెట్టు. జరిమానా. నేను పోయినంక రెండు తీస్కో."

జత ఇప్పుడు మామ ఫొటో ముందు ఉంది. అత్తమ్మ పదికాలాలు చల్లగా ఉండాలని రోజూ మనస్ఫూర్తిగా ప్రార్థిస్తున్నాను. మధ్యలో ఆ స్టాండ్లు గుర్తొస్తే మళ్లీ మొదటినుంచి ప్రార్థిస్తున్నాను.

కనుక, పెద్దలందరి ఎదుటా ఇదే నా ప్రమాణం: ఎవరింట్లోనూ ఏ వస్తువునూ అడగకుండా ముట్టను. అడిగి ముట్టినా, తిరగేసి అడుగు చూడకుండా వదలను. నిన్న ఒక చుట్టాలింట్లో ఈ నియమాన్ని నిష్ఠగా పాటించి చేతిలోని కప్పు తిరగేశాను. అందులో ఛాయ్ ఉంది.