ఆయిల్ లేని ముహూర్తం

ఎనిమిది నెలలపాటు నేను విప్పి, కడిగి, బిగించిన ఇంజను మూడు నిమిషాలు నడిచింది. ఆ మూడు నిమిషాలూ నేను అక్కడ లేను. ఉన్నవాళ్ళందరూ చాలా బాగా నడిచిందనే చెప్పారు.

అది పాత డీజిల్ జీపు, నాలుగు చక్రాలూ లాగే రకం. మైపాడు పక్కన మా ఊళ్ళో, వేట నుంచి వచ్చిన పడవల్ని ఇసుక మీదికి లాగడానికీ ఐసు పెట్టెలు ఒడ్డుదాకా మోయడానికీ మా నాన్న కొన్నాడు. తర్వాత ట్రాక్టర్లు వచ్చాయి, నాన్న పోయాడు, జీపు ఇంటి వెనక రేకుల షెడ్డులో పదకొండేళ్ళు కూర్చుండిపోయింది. డ్రైవరు సీట్లో కోడి పొదిగేది. ఆ పదకొండేళ్ళలో బండి వల్ల లాభపడింది ఆ కోడి ఒక్కటే.

ఒక ఆదివారం మా అన్న పాత ఇనప సామాన్ల అతన్ని పిలిపించాడు. అతను బండి చుట్టూ తిరుగుతూ టైర్లను కాలితో తన్ని చూస్తున్నాడు. నేను అడ్డం వెళ్ళి, "నాకియ్యన్నా, నేను బాగుచేసుకుంటా" అన్నాను.

అన్న నవ్వలేదు. నవ్వినా బాగుండేది. జాలిగా చూశాడు. "నీకెందుకు మే? కాలేజీలో పాఠం చెప్పేది వేరే, గ్రీజులో చేతులు పెట్టేది వేరే."

నేను నెల్లూరులో ఒక పాలిటెక్నిక్ కాలేజీలో మెకానికల్ లెక్చరర్ని. పద్నాలుగేళ్ళుగా ఇంజన్ల గురించే చెబుతున్నాను. మా ఇంట్లో దాన్ని టీచరు ఉద్యోగం అంటారు.

చివరికి మా అత్త తీర్పు చెప్పింది. నాన్నకు అక్క, ఇంటికి పెద్ద. "దసరా దాకా దానికి గడువియ్యిరా. స్టార్టయిందా, బండి దానిది. కాలేదా, ఇనప సామాను కింద పోతాది." అన్న వెంటనే సరే అన్నాడు. ఓడిపోతుందని తెలిసిన మనిషి పందెం కాస్తుంటే ఎవరు కాదంటారు?

అలా మొదలైంది. సాయంత్రాలు, ఆదివారాలు. పడవ ఇంజన్లు బాగుచేసే ముసలి మేస్త్రి ఒకాయన తోడొచ్చాడు. మూడు సరుగుడు బాదులు నిలబెట్టి, పైన కలిపి కట్టి, దానికి చైను కప్పీ తగిలించి ఇంజన్ని పైకెత్తాం. సముద్రపు గాలికి నట్లన్నీ బోల్టులతో శాశ్వతంగా కాపురం పెట్టాయి. ఒక్కో నట్టుకి రెండ్రోజులు కిరసనాయిలు పోసి బతిమాలాల్సి వచ్చింది. గాలి వడపోసే డబ్బాలో ఎలుక కాపురం. పిస్టన్లు ఆడే లైనర్లలో తుప్పు. వాటర్ పంపులో ఉప్పు, కూరకు సరిపడా.

విప్పిన ప్రతి ముక్కకీ వలదారంతో అట్టముక్క కట్టి, మీద ఏది ఎక్కడిదో ఎర్ర స్కెచ్‌పెన్నుతో రాసి, చేపల థర్మకోల్ పెట్టెల్లో సర్దాను. విద్యార్థులకు చెప్పే పద్ధతి అది. అత్త వచ్చి చూసి, "ఏంది మే ఇది, బళ్ళో పిల్లకాయలకి మెళ్ళో పేర్లు కట్టినట్టు" అంది. ఎగతాళి చేసినా, ఒక్క అట్ట కూడా తడవకుండా వాన వచ్చినప్పుడు పెట్టెలన్నీ తనే లోపలికి జరిపింది. ఆ మాట కూడా రాయాలి. తర్వాత జరిగినదాన్ని బట్టి రాయకూడదనే అనిపిస్తుంది కానీ.

దారిన పోయేవాళ్ళు కంచె దగ్గర ఆగేవాళ్ళు. మోచేతుల దాకా మసితో ఇంజను కింద ఉన్నది నేను. బీడీ ముట్టించుకుని పక్కన ముక్కాలిపీట మీద కూర్చున్నది మేస్త్రి. "ఏం మేస్త్రీ, ఎప్పుడు లేస్తాది బండి?" అని ఆయన్ని అడిగేవాళ్ళు.

"నన్నడగతావేంది? నేను స్పానర్లు అందిస్తా ఉండా."

వాళ్ళు నవ్వేవాళ్ళు. మేస్త్రి భలే జోకులేస్తాడని ఊళ్ళో పేరు.

అన్నిటికన్నా భయపెట్టింది క్రాంకు. పిస్టన్ల ఊపునంతా తిప్పుడుగా మార్చే కమ్మీ అది. దాని మీద గీతలు పడితే లేత్‌లో కొద్దిగా అరగదీసి, ఆ మేరకు మందమైన బేరింగులు వేస్తారు. అరగదీతకు అంగుళంలో వెయ్యో వంతుల లెక్కుంది: పది, ఇరవై, ముప్పై, నలభై. మాది అప్పటికే మూడు సార్లు అరిగింది. నెల్లూరులో లేత్ పనాయన దాన్ని నలభైకి తెచ్చి నా చేతికిస్తూ, "ఇదే ఆఖరుదమ్మా. మళ్ళీ గీత పడిందంటే దీనికి బేరింగు లేదు, నీకు బండి లేదు" అన్నాడు. ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో ఆ క్రాంకుని దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. పక్కన కూర్చున్నావిడ, "ఎన్నో నెల?" అని అడగబోయి ఆగినట్టు నాకనిపించింది.

దసరా వారంలోకి వచ్చేసరికి ఇంజను బండిలో కూర్చుంది. అత్త పంతులుగారి దగ్గరికెళ్ళి గురువారం పదీ ఇరవైకి ముహూర్తం పెట్టించుకొచ్చింది. ఇంజనుకి గురువారం సంగతి తెలియదని నేననలేదు. ఆ మాత్రం లోకజ్ఞానం ఉంది.

బుధవారం సాయంత్రం తక్కువ రకం ఆయిల్ పోసి, చేత్తో తిప్పి, లోపల మిగిలిన మట్టీ మసీ కొట్టుకుపోయేలా మొత్తం దించేశాను. తీరా చూస్తే ఆయిల్ దించే బోల్టు కింద రాగి వాషరు చిట్లి ఉంది. కొత్త వాషరూ అసలు ఆయిలూ రెండూ నెల్లూరులోనే దొరుకుతాయి. గురువారం మొదటి బస్సుకి వెళ్ళి పదికల్లా వచ్చేయొచ్చు. మేస్త్రి ఒడ్డున ఎవరిదో పడవ పనిలో ఉన్నాడు, పదికి రమ్మన్నాను. వెళ్ళేముందు ఒక పెద్ద అట్టముక్క మీద, ఎర్రటి అక్షరాలతో, రాసి స్టీరింగుకి కట్టాను:

ఆయిల్ లేదు. స్టార్ట్ చెయ్యొద్దు.

నాలుగు మాటలు. ఇంతకంటే తేలిగ్గా నేనే పాఠమూ చెప్పలేదు.

నెల్లూరులో స్పేర్‌పార్టుల షాపు ఆ రోజు అరగంట ఆలస్యంగా తీశారు. వాషరు సైజు చెబితే కౌంటర్లో ఆయన, "మీ ఆయన్ని పంపించుంటే సరిపోయేది గదమ్మా" అన్నాడు. లేని ఆయన్ని పంపడం కుదరలేదు కాబట్టి నేనే నాలుగు వాషర్లు వేలికి తొడిగి చూసి ఒకటి తీసుకున్నాను. బస్సు ప్రతి స్టాపు దగ్గరా ఆగింది. ఫోను సంచిలో, సంచి ఆయిల్ డబ్బా కింద. అన్న ఏడు సార్లు చేశాడని తర్వాత చూశాను.

బస్సు దిగి సందు మలుపులోకి వచ్చేసరికి జీపు శబ్దం వినిపించింది. పదకొండేళ్ళ తర్వాత. ముందు నాకు సంతోషమేసింది. ఒక నాలుగు సెకన్లు. తర్వాత చేతిలో ఆయిల్ డబ్బా బరువు తెలిసింది.

పరిగెత్తాను. నేను గేటు దగ్గరికి చేరేలోపు ఇంజను కీచుమని, ఎవరో గొంతు పట్టుకున్నట్టు ఆగిపోయింది.

ముందు టైర్ల కింద నిమ్మకాయలు చితికి ఉన్నాయి. బండికి పసుపు, కుంకుమ, చామంతుల దండ. మేస్త్రి ఇంకా ఒడ్డు నుంచి రాలేదు. డ్రైవరు సీట్లో అన్న. "చూసినావా మే!" అని అరిచాడు, ముఖం వెలిగిపోతూ. "ఒక్క దెబ్బకి అందుకునింది! ముందుకీ వెనక్కీ కూడా తిప్పినా. బండి నీదే. నేను మాట తప్పేవాణ్ణి కాదు."

"ఆయిల్ లేదన్నా దాంట్లో."

"నీళ్ళు పోసినా, డీజిల్ పోసినా. ఆయిల్ నువ్వు చూసుకునుంటావనుకున్నా. చదువుకున్నదానివి."

"రాసి కట్టినా గదా."

"యాడ?"

స్టీరింగుకి వలదారం ముడి మాత్రం ఉంది.

అత్త హారతి పళ్ళెం పట్టుకుని ముందుకు వచ్చింది. ఏమీ దాచే ఉద్దేశం లేదు పాపం. "నేనే తీసినా. పూజకాడ బండికి 'లేదు', 'వద్దు' అని రెండు మాటలు కడతారా ఎవరైనా? ఎంత చదివితే మాత్రం?"

"మరి నేనొచ్చేదాకా ఆగొచ్చు గదత్తా."

"ముహూర్తం దాటిపోతా ఉంటే నీ బస్సు కోసం చూస్తా కూర్చుంటామా? అయినా మొదటి స్టార్టు మగచెయ్యి పడాల." అప్పుడు నా డబ్బా చూసింది. "అదేంది, దీపానికా?"

నేను డబ్బా కింద పెట్టాను. అత్త దాన్ని శాంతం అనుకుంది. పులిహోర పెట్టిన ఆకు చేతికిచ్చింది. తిన్నాను. చాలా బాగుంది. అంత కోపంలో పులిహోర బాగుందని తెలియడం మనిషిని ఇంకా రెచ్చగొడుతుంది.

నా తప్పు నేను చెప్పుకోవాలి. బ్యాటరీ తీగ పీకేసి వెళ్ళాల్సింది. మొదటి సంవత్సరం పిల్లలకి మొదటి వారంలో చెప్పేది అదే. అట్ట కట్టడం చాలనుకున్నాను, ఎందుకంటే మా ఇంట్లో అందరికీ చదవడం వచ్చు. చదవడం వచ్చినందుకే తీసేస్తారని నాకు తట్టలేదు. అత్తకి అక్షరాలు రాకపోయుంటే ఆ ఇంజను బతికేది.

ఆదివారం మేస్త్రీ నేనూ మళ్ళీ విప్పాం. మూడో బేరింగు కరిగి క్రాంకుకి అతుక్కుపోయింది. ఆ చోట ఇనుము కాలి నెమలి మెడ రంగు తిరిగింది. చూడ్డానికి అందంగానే ఉంది. మేస్త్రి తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు, చావింటికి వచ్చినవాడిలా. లేత్ పనాయన కొలవను కూడా కొలవలేదు. "చెప్పినా గదమ్మా" అన్నాడు. నాకూ ఎవరికైనా ఆ మాట అనాలనే ఉండింది.

అన్న మాత్రం మాట నిలబెట్టుకున్నాడు. బండి స్టార్టయింది కాబట్టి బండి నాదేనని ఊళ్ళో పదిమందికి చెప్పాడు. చచ్చిన బండిని నాకు గౌరవంగా అప్పగించాడు. "పోనీలే మే, పేరుకన్నా నీదయింది గదా" అని ఓదార్చాడు. దసరా నుంచి మాఘమాసం దాకా నేను అన్నతో ఉప్పందించమన్న మాట తప్ప ఇంకోటి మాట్లాడలేదు. అది గమనించడానికే ఆయనకి రెండు నెలలు పట్టింది.

చివరికి మేస్త్రే కబురు తెచ్చాడు. దొరవారిసత్రం వైపు ఒక రైతు దగ్గర ఇదే రకం ఇంజను, ఒకప్పుడు మడికి నీళ్ళు తోడేదానికి పెట్టింది, కరెంటు మోటారు వచ్చాక ఊరికే పడుందట. వెళ్ళాం. ఆ రైతు దాన్ని మూలనైతే పడేశాడు కానీ, గ్రీజు పూసి, యూరియా గోతాలు కప్పి, పెళ్ళికూతుర్ని దాచినట్టు దాచాడు. అడుగున విప్పి చూస్తే, క్రాంకు ఒక్కసారి కూడా అరగదీసింది కాదు. నేను దాన్ని వేలితో తడుముతూ కూర్చుంటే, ఆయన మేస్త్రి వైపు తిరిగి, "పాపకి ఇంజన్లంటే ఇష్టమా?" అని అడిగాడు.

"దాన్నే అడుగు సామీ. నేను స్పానర్లు అందిస్తా ఉండా."

ఆ ఇంజన్ని కొని తెచ్చి, ఈసారి షెడ్డుకి తాళం వేశాను. తాళంచెవి కొంగుకి కట్టుకున్నాను. బ్యాటరీ తీసి కాలేజీలో నా గదిలో పెట్టాను. అక్కడ పూజలు తక్కువ. అన్నీ బిగించాక ఒక మంగళవారం సెలవు పెట్టి, మధ్యాహ్నం మూడున్నరకి మేస్త్రిని రమ్మన్నాను.

మేస్త్రి కాసేపు వేళ్ళ మీద ఏదో లెక్క చూసుకున్నాడు. "పాపా, మంగళవారం మూడున్నరంటే రాహుకాలం."

"తెలుసు మేస్త్రీ."

"సరే అయితే" అని బీడీ పారేసి లేచాడు.

ఆయిల్ గేజీ కర్ర మూడు సార్లు తీసి చూశాను, తుడిచి పెట్టి మళ్ళీ చూశాను. నిమ్మకాయ లేదు, కొబ్బరికాయ లేదు. నాలుగో తిప్పుకి నల్లటి పొగ ఒక్కసారి కక్కి అందుకుంది. గంటసేపు అట్లాగే నడిపాం. అన్న వీధిలోంచి పరిగెత్తుకొచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"బాగుంది మే శబ్దం" అన్నాడు అక్కణ్ణుంచే. "నేనొక రౌండు ఏసొచ్చేదా?"

"వద్దు" అన్నాను. పూజ లేదు కాబట్టి ఆ మాట అనడానికి అడ్డేమీ లేదు.

మొదటి స్టార్టు తన చేతి మీదుగానే జరిగిందని అన్న ఇప్పటికీ అందరికీ చెబుతాడు. అది నిజం కూడా. నేను క్షమించలేదు. త్వరలో క్షమించే ఆలోచన కూడా లేదు.

ఆ పాత అట్ట తర్వాత దేవుడి గూట్లో దొరికింది. అక్షరాలున్న కాయితం చించకూడదని అత్త దాన్ని శుభ్రంగా మడిచి, మీద ఒక కుంకుమ బొట్టు పెట్టి దాచింది. దాన్ని తీసుకెళ్ళి, మా ఒడ్డున పడవలకి పేర్లు రాసే పెయింటరు చేతిలో పెట్టాను. జీపులో డ్రైవరు ఎదురుగా, ఎప్పటికీ చెరగనట్టు రాయమన్నాను. ఆయన ఏ దేవుడి పేరోనని విప్పి చూసి, నా ముఖం చూసి, ఇంకేమీ అడక్కుండా రాశాడు. ఎర్రటి అక్షరాలు, చుట్టూ పసుపు అంచు.

ఆయిల్ లేదు. స్టార్ట్ చెయ్యొద్దు.

అత్తని నెలకోసారి డాక్టరు దగ్గరికి ఆ బండిలోనే తీసుకెళ్తాను. ఎక్కగానే పమిట చెంగు లాగి ఆ రాతను కప్పుతుంది. ఆమె చెంగు తీసేదాకా నేను తాళం తిప్పను. ఇద్దరం తొందర లేకుండా కూర్చుంటాం.