కప్పతల్లికి పోసిన నీళ్లు

మా పల్లెకు ఉపదేశిగా వచ్చిన పెద్దాయన ప్రతి ఆదివారం తిప్పితిప్పి ఒకే మాట చెప్పేవాడు. మనం ఎన్ని పనులు చేసినా దేవుని ముందు నీతిమంతులం కాలేం, క్రీస్తును నమ్మితే చాలు, ఆ నమ్మకాన్ని చూసి దేవుడే మనల్ని నీతిమంతులుగా ఎంచుతాడు అని. వినడానికి ఎంత తేలిక! ఆ తేలికైన మాటే మా అమ్మకు మింగుడు పడలేదు.

ఓర్వకల్లుకు, నందికొట్కూరుకు నడుమ రాళ్ల నేలలో ఉండేది మా పల్లె. నా చిన్నప్పుడే నాన్న పోయాడు. అమ్మ ఊరి రైతుల చేలల్లో కూలికి పోయి నన్ను సాకింది. పనికి వెనకాడే మనిషి కాదు. ప్రార్థన గుడికి సున్నం కొట్టాలన్నా, నేల అలకాలన్నా ఆమే. "ఇవన్నీ చేస్తే మోక్షం రాదమ్మా" అని ఉపదేశి నవ్వితే, "మోక్షానికి కాదయ్యా, గుడి గలీజుగా ఉండాది" అనేది. మాటకు మాట ఆమె దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. ఆ అమ్మే నాకు ఇష్టం.

యాభైల మొదట్లో వానలు మొహం చాటేశాయి. నాకప్పుడు పదేళ్లు. వంకలో చెలమ తవ్వి, గంటల తరబడి కూర్చుని ఊరిన నీళ్లను గిన్నెతో తోడుకుంటే కడవ నిండేది. ఒకరోజు మధ్యాహ్నం, క్రీస్తును నమ్మని ఇళ్ల ఆడపిల్లలు రోకలికి వేపరెమ్మలు చుట్టి, దానికి కప్పను కట్టి, పాడుకుంటూ మా వీధికి వచ్చారు. కప్పతల్లికి ఇంటింటా ఆడవాళ్లు నీళ్లు పోస్తే వాన వస్తుందని నమ్మకం. విశ్వాసుల ఇళ్లన్నీ తలుపులు మూసుకున్నాయి. మా అమ్మ తలుపు తీసింది. పొద్దున తెచ్చిన కడవలో సగం నీళ్లు ఆ కప్ప మీద పోసింది. "పాపం, ఎండకు నోరెండిపోయిండాది" అంది. నేను గడపలో నిలబడి అంతా చూశాను.

నాలుగో రోజు వాన పడింది. చెరువులు నిండే వాన కాదు గానీ, పల్లె అంతా తడిసింది.

ఆ ఆదివారం ఉపదేశి పిల్లల్ని కూర్చోబెట్టి, వాన ఎవరివల్ల వచ్చిందని అడిగాడు. అందరూ మన ప్రార్థన వల్ల అని అరిచారు. అందరూ చెప్పిందే చెబితే నా గొప్పేముంది? లేచి నిలబడి, "మాయమ్మ కప్పతల్లికి నీళ్లు పోసింది, అందుకే వచ్చింది" అన్నాను. మా అమ్మ వాన తెచ్చిందని నాకు అంత గర్వం. ఉపదేశి మొహం మాడిపోయింది.

ఆయన చెడ్డవాడు కాదు. ఆ సాయంత్రమే ఇంటికి వచ్చి, తప్పయిందని సంఘం ముందు ఒప్పుకో, చాలు అన్నాడు. అమ్మ ఒప్పుకుంది. కర్నూలు నుంచి పాదిరిగారు మూడు నెలలకొకసారి వచ్చి, నమ్మినవాళ్లకు రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల జరిపేవారు. ఆ రోజు అమ్మ అందరి ముందు మోకాళ్లూని, తప్పయింది అంది. దేవుడు క్షమించాడని పాదిరిగారు చెప్పారు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. రొట్టె పళ్లెం వరసలో ఒక్కొక్కరినీ దాటి అమ్మ దగ్గరికి వచ్చేసరికి, ఆమె లేచి బయటికి పోయి చెప్పుల దగ్గర కూర్చుంది.

ఉపదేశి వెనకే పోయాడు. నేనూ పోయాను.

"క్షమించినారు గదమ్మా, ఇంకేమి?"

"నీళ్లు పోసింది తప్పంటే ఔనన్నాను. అది కాదయ్యా. దేవుడు వాన ఇస్తాడని నిజంగా నమ్మింటే కప్పకెందుకు పోస్తా? అంటే నా కాడ నమ్మకం లేదనే గదా."

"నమ్మితే వస్తాదమ్మా."

"యాడ నుంచి తేవాల? పని చెప్పయ్యా, చేస్తా. కొండ మీది రాళ్లు మోయమను, మోస్తా. చేతకానిదాన్ని కాదు నేను. ఏ పనీ వద్దు, నమ్మకమే కావాలంటివి. అది నా కాడ లేకపాయె."

ఆయన వెనక్కి తిరిగి లోపలికి పోయాడు. ఒక్క మాట దొరకలేదా ఇన్నేళ్ల బోధకుడికి అని నాకు ఒళ్లు మండింది. అమ్మ మీద అంతకంటే ఎక్కువ మండింది. అందరూ గుటుక్కున మింగే రొట్టెముక్కకు ఈమె ఒక్కతే ఇంత ఆలోచించాలా?

తర్వాత ఏడేళ్లు అదే వరస. గుడి ఊడ్చేది, పాటలు పాడేది, బల్ల సమయానికి చెప్పుల దగ్గరికి పోయేది. సంఘం ఆమెను వెలివేయలేదు. తనను తానే వెలివేసుకుంది. ఎదురుమాటలు తగ్గిపోయాయి. ఉపదేశి ఏమైనా నవ్వులాటకు అంటే తల ఊపి ఊరుకునేది. ఆ మూగతనం నా పుణ్యమే.

నేను కడపలో పంతులమ్మ చదువు చదువుతుండగా కబురు వచ్చింది. ఇంటికి చేరేసరికి అమ్మ మంచానికి అతుక్కుపోయి ఉంది. ఉపదేశి బతిమాలితే పాదిరిగారు తను రావలసిన నెల కాకపోయినా రొట్టె, ద్రాక్షరసం పట్టుకుని వచ్చారు. అమ్మ వాటివైపు చూడలేదు. నా చెయ్యి పట్టుకుంది.

"పాపా, సదువుకున్నదానివి. పుట్టినప్పటి నుంచి నన్ను చూస్తాండావు. నేను నమ్మినదాన్నేనా? నువ్వు ఔనంటే తీసుకుంటా."

గదిలో అందరూ నా నోటివైపు చూశారు. కడప బడిలో బైబిలు పాఠానికి నాకెప్పుడూ మొదటి మార్కే. ఒకరి విశ్వాసానికి ఇంకొకరు సాక్ష్యం చెప్పలేరని నేర్చుకున్నాను. చావు మంచం దగ్గర అబద్ధం చెప్పకూడదనీ నేర్చుకున్నాను. పదేళ్లప్పుడు గొప్ప కోసం నోరు తెరిచినదాన్ని, ఆ పూట సరైన జవాబు కోసం వెతుక్కున్నాను.

"అది నీకే తెలియాలమ్మా" అన్నాను.

అమ్మ నా చెయ్యి వదిలింది. కోపంతో కాదు, అడిగిన పని అయిపోయినట్టు వదిలింది. "శానా దూరం నుంచి వచ్చినారు, మీరు మజ్జిగ తాగి పొండయ్యా" అని పాదిరిగారికి చెప్పి గోడవైపు తిరిగింది. మరుసటి రోజు పొద్దెక్కేసరికి పోయింది.

ఔను అనడానికి నాకు ఎంతసేపు పట్టేది? దేవుడు ఆమెను ఎలా ఎంచాడో నాకు తెలియదు. బాగానే ఎంచి ఉంటాడని ఓదార్చేవాళ్లు చాలామంది వచ్చారు, వాళ్లకూ తెలియదు. నేను మాత్రం ఇప్పుడున్న ఊరి గుడిలో ప్రతి నెలా బల్ల దగ్గర కూర్చుంటాను. పళ్లెం నా ముందుకు వస్తుంది. నాకు నమ్మకం ఉందా అని ఒక్కసారి కూడా నన్ను నేను ప్రశ్నించుకోకుండానే రొట్టె తీసుకుని తింటాను.