నగరి మగ్గానికి ఆటోసేవ్

2023 వేసవి. పుత్తూరు బస్టాండు దగ్గర నాకొక చిన్న కంప్యూటర్ల షాపు. రిపేర్లు చేస్తాను, అడిగినవాళ్లకు చిన్న చిన్న ప్రోగ్రాములు రాసిపెడతాను. పక్కనే నగరి. అక్కడ ఏ వీధిలోకి వెళ్లినా పవర్‌లూమ్ చప్పుడే. ఆ ఊళ్లో కుప్పయ్య మామ ఇంట్లో జరిగిన సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది.

మామ కూతురు ధనలక్ష్మి చీరల అంచులకు డిజైన్లు వేస్తుంది. పెద్ద డిజైన్ సాఫ్ట్‌వేర్ వాళ్ల పాత కంప్యూటర్ మీద కదలనని మొండికేసింది. అందుకని టెక్స్ట్ ఎడిటర్‌లో, అంటే ఉత్త అక్షరాలు మాత్రమే టైపు చేసుకునే ప్రోగ్రాంలో, వేయడం నేర్పాను. పోగు పైకి లేవాలంటే ఒక గుర్తు, లేవక్కర్లేకపోతే చుక్క. ఆ ఫైలును తెరమీద బొమ్మగా చూపించి, మగ్గం మీది జకార్డుకు, అంటే పోగులను లేపే యంత్రానికి, పంపే ప్రోగ్రాం ఒకటి రాసిచ్చాను. పిల్ల చకచకా పట్టేసింది.

చిక్కల్లా మామతోనే. పోగు తెగిందా, మెయిన్ స్విచ్ లాగేస్తాడు. మగ్గానికీ కంప్యూటర్‌కీ ఒకటే లైను. సేవ్ చేయని పనంతా గంగలో కలిసేది. పోనీలే అని యూపీఎస్ పెట్టించాను. కరెంటు పోగానే అది కూతలు పెడుతుంది కదా, మామ దాన్నీ ఆపేశాడు!

"అరస్తా ఉండాది పాపా, ఏమో సెడిపోయిండాదని ఆపేసినా" అన్నాడు తాపీగా.

మగ్గం ఇంట్లో తేడా శబ్దం వినపడితే ముందు ఆపాలి, తర్వాత ఆలోచించాలి. ఆయనకు చిన్నప్పటినుంచీ అదే అలవాటు. నాకు ఒళ్లు మండి ఎడిటర్‌కు ఆటోసేవ్ ప్లగిన్ తగిలించాను. ప్లగిన్ అంటే ప్రోగ్రాంకు అదనంగా తగిలించే చిన్న పనిముట్టు. టైపు చేయడం ఆపి ఊపిరి పీల్చుకునేలోగా ఇది ఫైలును సేవ్ చేసేస్తుంది. "ఇంక నీ ఇష్టమొచ్చినట్టు లాగు మామా" అని సవాలు విసిరి వచ్చాను.

కొన్నాళ్లకు వాళ్లు తిరుచానూరు అమ్మవారికి మొక్కు చీర తలపెట్టారు. ఇంతకాలం వేరేవాళ్ల నమూనాలు దించిన ధనలక్ష్మి సొంతంగా వేస్తున్న మొదటి అంచు, గోపురాల అంచు, దానికే. తెల్లారితే మంచి గడియలో నేత మొదలుపెట్టాలి. ఆ ముందురోజు మధ్యాహ్నం ఫోను.

"అక్కా, నా అంచు నాశనమైపోయిందక్కా!" అంటూ ఏడుపు.

పరుగున వెళ్లాను. మగ్గాల ఇంట్లో నూలు నూగు ఎక్కడపడితే అక్కడ వాలుతుంది. మంచి పనికి ముందురోజు పనిముట్లన్నీ శుభ్రంగా తుడవడం వాళ్ల ఆనవాయితీ. మామ భక్తిగా కీబోర్డు కూడా తుడిచాడు, ఫైలు తెరిచి ఉండగానే! గుడ్డ కింద మీటలు నలిగి సగం అంచు ఎగిరిపోయింది, మిగతా సగం నిండా పిచ్చి అక్షరాలు. బుద్ధిమంతురాలైన నా ప్లగిన్ ఆ చెత్తనంతా సేవ్ చేసింది. ఆపైన మగ్గం తుడవాలని మామ మెయిన్ లాగాడు, కూసిన యూపీఎస్‌నూ ఆపాడు. దాంతో, చేసిన మార్పును వెనక్కి తీసుకునే వీలూ పోయింది.

"నీ ప్లగిను అన్నీ దాస్తాదంటివే పాపా?" మామ నన్నే నిలదీశాడు.

"దాచింది మామా! నువ్వు తుడిచిందాన్నే దాచింది!"

ధనలక్ష్మి తల పట్టుకుని కూర్చుంది. "అమ్మారికి నా సేత్తో అంచు ఏస్తానని మొక్కుకున్నానక్కా. తెల్లారేలోగా యాడ ఏసేది?"

ఆ ప్లగిన్‌లో, సేవ్ చేసే ముందు పాత కాపీని పక్కన పెట్టమని చెప్పే గడి ఒకటుంది. దానికి టిక్ పెట్టానో లేదో ఎంతకీ గుర్తు రాలేదు. ఫోల్డరు తెరిచాను. ఉన్నాయి! పాత కాపీలు బారులు తీరి ఉన్నాయి. హమ్మయ్య, నా పరువు దక్కింది.

నిన్నటి గోపురం అంచు కోసం ఒక్కో కాపీని బొమ్మగా తెరిచి చూస్తున్నాను. వెనక నిలబడ్డ మామ ఉన్నట్టుండి "ఆగాగు" అన్నాడు. తెరమీద తామరల అంచు. చీర ఒక కొసన మొగ్గ. పోనుపోను విచ్చుకుంటూ కొంగు దగ్గరకొచ్చేసరికి నిండు పువ్వు.

"ఇది ఎవురేసినారు?"

"నేనే నాయనా. మనం ఎప్పుడూ ఒకటే పువ్వును తిప్పి తిప్పి నేస్తాం గదా. ఇది మన మగ్గం మీద కాదంటావని సెరిపేసి, గోపురాలు ఏసినా."

"నన్నడిగినావా?"

"లేదు నాయనా. బయమేసింది."

మామ తెరకు దగ్గరగా వంగి, మొగ్గ నుంచి పువ్వు దాకా వేలితో తడుముకుంటూ పోయాడు. "అమ్మారు కూసునేదే తామరపువ్వు మీద. దీన్నెందుకు సెరిపినావు తల్లీ? ఇదే ఎయ్యి. మగ్గం సంగతి నేను సూసుకుంటా."

మర్నాడు టెంకాయ కొట్టి తామరల అంచే మొదలుపెట్టారు. మొదటి మొగ్గ బట్ట మీదికి రాగానే ధనలక్ష్మి ఏడ్చేసింది, ఏడుస్తూనే నవ్వింది. నాకూ కళ్లు చెమర్చాయి, దాచుకోవడమెందుకు!

ఇప్పుడు ఎవరు ఆటోసేవ్ అడిగినా ముందు పాత కాపీల గడికి టిక్ పెడతాను. మనం మిగుల్చుకున్నదే మంచిదని ఏముంది? భయపడి చెరిపేసినదాన్లోనే మన సొంత పనితనం ఉండొచ్చు. ఇంతకీ ధనలక్ష్మి ఇప్పుడు ఏది చెరపాలన్నా ముందు వాళ్ల నాయనకు చూపిస్తుంది. ఆయన వద్దన్నవి కూడా ఒక్కోసారి నేసేస్తుంది.