మలుపు దగ్గర చెట్లు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు, రిటైరైన మొగుణ్ణి ఇంట్లో పెట్టుకుని చూడు అని ఎందుకనలేదో టైలరమ్మకు అర్థం కాదు. వాళ్ల కాలంలో మొగుళ్లు రిటైరయ్యేదాకా బతికేవాళ్లు కారేమో! ఆవిడ మొగుడు, వీధిలో అందరూ డ్రైవరుగారు అని పిలిచే మనిషి, రైలింజను దిగిన మర్నాటి నుంచి ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. కుట్టుమిషను చప్పుడు ఎక్కువైందన్నాడు. కుళాయి కారుతోందని విప్పి, ఇంకా ఎక్కువ కారేట్టు చేసి బిగించాడు. అందుకే ఒకరోజు పాత తలుపు చెక్క మోసుకొచ్చి, ముందుగదిలో బల్లల మీద పరిచి, దాని మీద బొమ్మ రైలు నడుపుతానంటే ఆవిడ అడ్డు చెప్పలేదు. పీడా పోయె, కుళాయిల జోలికి రాడు కదా అనుకుంది.

పట్టాలూ ఇంజనూ మాత్రం కొనుక్కొచ్చాడు. మిగతా లోకమంతా చేత్తో చెయ్యాలట. థర్మోకోల్ ముక్కలు పేర్చి, మైదా జిగురుతో వాటి మీద కాగితం పీలికలు అతికించి గుట్టలు చేశాడు. రంపప్పొట్టుకు పచ్చరంగు పట్టించి గడ్డి చేశాడు. చెట్ల దగ్గరికొచ్చేసరికి అసలు తంటా మొదలైంది. కరెంటు తీగ తొడుగు ఒలిచి లోపలి రాగి పోగులు మెలితిప్పితే అది మాను. చివర్లు విడదీస్తే కొమ్మలు. జిగురూ సుద్దపొడీ కలిపి పూసి, ఆరాక మట్టిరంగు వేస్తే బెరడు. ఆకుల కోసం స్పాంజిని రంగునీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, తీసుకెళ్లి మిక్సీలో వేశాడు.

ఆ ఘనకార్యం చూసి టైలరమ్మ నెత్తి బాదుకుంది. మీ పుణ్యమా అని రేపు కూరలో అడవులు మొలుస్తాయి అంది. ఆయన నవ్వాడు. ఆయన నవ్వి ఎన్నాళ్లైందో ఆవిడకు అప్పుడు తట్టింది.

ఆయనవి ఇంజను మీటలు లాగిన వేళ్లు. పోగులు పుటుక్కున తెగేవి. తెగకపోతే చెట్టు అరిగిపోయిన చీపురులా ఉండేది. కొన్నాళ్లు చూసి చూసి, ఉండబట్టలేక ఆవిడే కుట్టు ఆపి వచ్చి ఎదురుగా కూర్చుంది. సూదిలో దారం ఎక్కించే చేతికి రాగిపోగు ఒక లెక్కా? లావు కొమ్మలోంచి సన్న కొమ్మ ఎలా చీలాలో, గాలి తోసే వైపు చెట్టు కాస్త ఎలా ఒరగాలో ఆవిడ చేతికి ఇట్టే వచ్చేసింది. అంతా ఒకే పచ్చ వేస్తే ప్లాస్టిక్ దండలా ఉంటుందని మూడు పచ్చలు కలిపింది. పెళ్లయిన కొత్తలో కూడా మొగుడూ పెళ్లాం అంతసేపు ఒక్కచోట కూర్చున్న పాపాన పోలేదు. ఆయన ఎప్పుడూ డ్యూటీ, ఆవిడ ఎప్పుడూ మిషను.

ఇలా ఉండగా ఆయన పట్టాలకు ఒక వంపు తెచ్చాడు. వంపు పక్కన అట్టతో చిన్న గది కట్టి, దానికి నీలం తలుపు పెట్టాడు. గది వెనక కల్వర్టు ఒకటి. ఆవిడ చేతిలో కత్తెర ఆగిపోయింది. ఊరి బయట రైలు మలుపు దగ్గర పనివాళ్లు సామాను పెట్టుకునే గది అచ్చం ఇలాగే ఉండేది. ఆ గది నీడలోనే ఆవిడ తమ్ముడు కూర్చుని అన్నం తినేవాడు.

ఆరడుగుల మనిషి వాడు. పేరుకు మాత్రం బుడ్డోడు. తల్లి పోయాక అక్కే పెంచింది, పట్టాలు బాగుచేసే గ్యాంగులో పని బావే ఇప్పించాడు. ఆ మలుపు దగ్గర పని జరిగినన్నాళ్లూ ఆవిడే క్యారియర్ పట్టుకెళ్లేది. చాలా ఏళ్ల కిందట ఒక పూట వాడు పట్టాల మధ్య వంగి బోల్టు బిగిస్తున్నాడు. పక్కన ఏదో మిషను మోత, వచ్చే బండి చప్పుడు వినపడలేదు. మలుపు తిరిగిన బండి హారనైనా కొట్టకుండా వాణ్ణి కొట్టేసింది. ఆ బండి నడిపింది బావ.

ఇంజనులో ఆయనతో ఉండాల్సిన సహాయకుడు ఆ సమయానికి వెనక గదిలో మీటర్లు చూస్తున్నాడట. కాబట్టి ఏం జరిగిందో చెప్పాల్సింది ఆయనొక్కడే. నాకేం కనపడలేదు అన్నాడు. ఆఫీసర్లు విచారణకు వచ్చేసరికి రెండు నెలలు గడిచాయి. వచ్చి చోటు చూసి, మలుపు పక్క చెట్లు దట్టంగా ఉన్నాయి, ఆకులు అడ్డమొచ్చి డ్రైవరుకు మనిషి కనపడడు, తప్పు లేదు అని తేల్చారు. ఆ తర్వాత చెట్లు కొట్టించేశారు కూడా.

ఆ మాట నిజం కాదని టైలరమ్మకు విన్నప్పుడే తెలుసు. బుడ్డోడు పోయింది ఆకు రాలే కాలంలో. ముందురోజే కదా, ఎండ మాడు మీద కొడుతుంటే నీడకోసం గది గోడ పక్కకు జరిగి కూర్చున్నారు అక్కాతమ్ముళ్లు! ఈ చెట్లు కూడా బావలాంటివే అక్కా, అవసరానికి నీడనివ్వవు అని వాడు వేళాకోళం చేశాడు కూడా. చెట్టుకు ఒక్క ఆకు లేదు. కొమ్మల సందుల్లోంచి అవతలి గుట్ట దాకా కనపడింది.

చెప్పి ఉండొచ్చు. చెబితే మొగుడి ఉద్యోగం పోతుంది, జైలే పడుతుందేమో, పిల్లలిద్దరూ బళ్లో ఉన్నారు. కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుతుంది. చెబితే వాడు లేచి వస్తాడా? గుండె రాయి చేసుకుని ఊరుకుంది. కానీ ఒక్కటి మాత్రం మనసులో పెట్టేసుకుంది. ఏళ్ల తరబడి ఆ దారిన బండి నడిపిన మనిషికి ఆ చెట్లు ఎప్పుడు మోడులో, ఎప్పుడు పచ్చనో తెలియదా? తెలిసీ ఆ ఆకుల చాటున దాక్కున్నాడు. జ్వరమొస్తే సేవ చేసింది, వేళకు వండి పెట్టింది, పల్లెత్తు మాట అనలేదు. మీ తప్పు లేదండీ అన్న మాట కూడా అనలేదు. ఆయన ఆ ఒక్క మాట కోసమే ఆవిడ చుట్టూ తిరుగుతున్నాడని తెలుసు. తెలిసే అనలేదు.

నీలం తలుపు గది చూసి ఆవిడ చెయ్యి ఆగిన రోజున ఆయనే నోరు విప్పాడు.

"ఇదంతా నీకోసమే కడుతున్నాను," అన్నాడు తల ఎత్తకుండా. "అయ్యాక నువ్వే కూర్చుని చూడు. ఉన్నదున్నట్టు చెప్పు. లోకమంతా చెప్పింది, నువ్వు చెప్పలేదు. నువ్వు చెబితే చాలు నాకు."

ఎంత గుండెలు తీసిన బంటు! చచ్చిన తమ్ముడి అక్కచేతే సాక్షి సంతకం పెట్టించుకుంటాడట. ఆవిడకు ఒళ్లు మండిపోయింది. లేచి మిషను దగ్గరికి పోయి, వచ్చిన గుడ్డ వచ్చినట్టు కుట్టి పారేసింది. అయినా మర్నాడు మళ్లీ వచ్చి కూర్చుంది. ఇంకొంచెం గుబురుగా ఉండాలి అని ఆయన అంటే ఇంకొంచెం గుబురుగా అతికించింది. చూద్దాం, ఎంతదాకా వస్తాడో చూద్దాం అనుకుంది.

చివరి చెట్టు నాటిన మధ్యాహ్నం ఆయన స్నానం చేసి ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. అగ్గిపుల్ల చెక్కి చేసిన మనిషికి నారింజరంగు కోటు వేసి, పట్టాల మధ్య నిలబెట్టాడు. రెండుసార్లు పడిపోతే మళ్లీ నిలబెట్టాడు. తర్వాత మలుపు మొదట్లో ఒక అట్టముక్క నిలబెట్టాడు. ఇంజనులో కూర్చున్న డ్రైవరు కన్ను ఎంత ఎత్తులో ఉంటుందో లెక్కగట్టి దానికి కన్నం పెట్టాడు.

"ఒక కన్ను మూసి చూడు," అన్నాడు.

ఆవిడ చూసింది. ఆకులు. తను మూడు పచ్చలు కలిపి, తన వేళ్లతో అద్దిన ఆకులు. వాటి వెనక పట్టా లేదు, మనిషీ లేడు.

"కనపడుతున్నాడా?"

లేదు అనేస్తే అయిపోయేది. ఆ కన్నంలోంచి చూస్తే అది అబద్ధం కూడా కాదు. ఆయన ఆపరేషను గది బయట నిలబడ్డ మనిషిలా నిలబడ్డాడు. ఆవిడకు జాలేసింది. ఆ జాలి వెనకే బుడ్డోడి పాదాలు గుర్తొచ్చాయి. ఆరోజు వాడి మీద దుప్పటి కప్పితే, ఎంత లాగినా ఆ పొడుగు మనిషికి చాల్లేదు.

"ఆ నెలలో ఈ చెట్లకు ఆకులుండవు," అంది.

"ఏంటి?"

"ఆకులుండవు. ముందురోజు నేను నా కళ్లతో చూశాను, అన్నీ మోడులే. ఆఫీసర్లు వచ్చేనాటికి చిగురేసి కమ్ముకున్నాయి. మీకు తెలీదూ? అన్నేళ్లు ఆ దారిన తిరిగారే. ఎందుకండీ ఈ నాటకం, నా చేత కూడా ఆకులు అతికించి?"

అరుస్తాడనుకుంది. ఆయన అరవలేదు. వంగి ఒక చెట్టు ఆకుల్ని వేలితో ముట్టి చూశాడు.

"నాకు తెలీదు," అన్నాడు. "ఆఫీసర్లతో వెళ్లినప్పుడు చూశాను, ఆకులున్నాయి. ఆకులే అడ్డమన్నారు. అంతే అయ్యుంటుందనుకున్నాను. మలుపు ముందుదాకా గుర్తుంది. దెబ్బ గుర్తుంది. మధ్యలో ఏమీ లేదు."

ఇన్నేళ్ల కాపురంలో ఆ మొహం మీద అబద్ధం ఎలా ఉంటుందో ఆవిడకు తెలుసు. వెతికింది, దొరకలేదు. ఇన్నాళ్లూ ఆవిడ ఒక దొంగ మీద కోపం పెట్టుకుని బతికింది. ఆ దొంగ అసలు లేడు. పట్టుకోవడానికి ఒక్క ఆకు దొరికితే దాన్ని పట్టుకుని ఉన్న మనిషి చేతిలోంచి ఆవిడే దాన్ని లాగేసింది.

"ఏమో, నేనే పొరబడ్డానేమో," అంది గొంతు తగ్గించి. "ఎప్పటి మాట అది."

"నువ్వు పొరబడవు," అన్నాడు.

చెట్ల మీది ఆకులు ఊడబెరకడం మొదలుపెట్టాడు. జిగురు గట్టిపడి కొమ్మలు కూడా ఊడొస్తున్నాయి. ఆవిడ చూడలేకపోయింది. విరిచేస్తారు, ఇలా ఇవ్వండి అని కత్తెర మొనతో తనే ఒక్కో కొమ్మా గీకింది. చెక్కంతా పచ్చ పొడి రాలింది. చివరికి రాగి కొమ్మలు మిగిలాయి.

ఆయన కూర్చుని కన్నానికి కన్ను పెట్టాడు.

"కనపడుతున్నాడు," అన్నాడు.

అట్టముక్కను కాస్త వెనక్కి జరిపాడు. ఇక్కణ్ణుంచి కూడా కనపడుతున్నాడన్నాడు. ఇంకాస్త వెనక్కి జరిపాడు. ఇక్కణ్ణుంచి కూడా. చాలండీ, లేవండి అని ఆవిడ భుజం పట్టుకుంటే విదిలించుకోలేదు, లేవనూ లేదు. ఇంత దూరం నుంచి హారను కొడితే వాడికి వినపడేది, పక్కకు దూకేవాడు అన్నాడు. అలా జరుపుతూ జరుపుతూ చెక్క చివరికి వచ్చేశాడు. అక్కడితో పట్టాలు అయిపోయాయి. అట్టముక్కను చెక్క అంచుకు ఆనించి పట్టుకుని, మళ్లీ కన్ను పెట్టాడు.

"మరి ఆరోజు నేనెటు చూస్తున్నానే?" అని అడిగాడు.

ఆయన కన్నం మీంచి కన్ను తియ్యకుండానే మళ్లీ అడిగాడు.