టీచర్ నా దగ్గర దాచినది

మొన్న ఉదయం పక్కింట్లో పాలు మాడిన వాసన మా వంటగదిలోకి వచ్చింది. చేతిలో పని ఆపి అలాగే నిలబడిపోయాను. ఎనభైలలో, హనుమకొండలో మా సుగుణ టీచర్ ఇంట్లో ఎప్పుడూ ఆ వాసనే ఉండేది.

డెబ్బైలలో ఆవిడ మాకు బడిలో లెక్కలు చెప్పేవారు. భర్త పోయాక బడి వెనక వీధిలో ఒంటరిగా ఉండేవారు. లెక్కల్లో క్లాసుకు నేనే ఫస్టు. అయినా సాయంత్రాలు టీచర్ పక్కన కూర్చునేది మా క్లాసు ప్రమీల. వరంగల్ బజారులో వాళ్లకు గాజుల దుకాణం ఉండేది. భిన్నాలు చూస్తేనే ఏడ్చే పిల్ల. టీచర్ ఇంటి అరుగు మీద ఇద్దరూ పలక మీదికి వంగి నవ్వుకుంటుంటే నాకు కడుపు మండిపోయేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"నాకెన్నడు గట్ల కూసోబెట్టి చెప్పరేంది టీచర్?"

"నీకు ఒక్కసారి చెప్తె వస్తది వసంతా. దానికి నేను పక్కన ఉండాలె."

తెలివిగా ఉన్నందుకు శిక్ష పడినట్టనిపించింది. అయినా ఆవిడలా బోర్డు ముందు నిలబడాలన్న కోరికతోనే చదివాను, లెక్కల టీచర్‌నయ్యాను. ఆవిడ రిటైరయ్యాక ఆదివారాలు చూడడానికి వెళ్లేదాన్ని. ఎప్పుడు వెళ్లినా ఇస్త్రీ చీరలో, నవ్వుతూ ఎదురొచ్చేవారు. మాటలన్నీ పాత సంగతులే. పాలు మాడిన గిన్నె కనిపిస్తే, "స్టవ్ మంచిగ లేదు" అనేవారు. నేను నమ్మేదాన్ని. ఒకరోజు టీచర్ మా ఇంటికని బయలుదేరి, దారి తెలియక వరంగల్ రైల్వే స్టేషన్ దగ్గర తిరుగుతుంటే తెలిసిన రిక్షా అతను నా దగ్గరికి తీసుకొచ్చాడు. అప్పుడే దవాఖానకు తీసుకెళ్లాను. అక్కడ ప్రమీల ముందే వచ్చి కూర్చుని ఉంది. టీచరే కబురు పెట్టారట.

డాక్టరు మామిడిపండు, తాళం, బండి అని మూడు మాటలు చెప్పి, గుర్తుపెట్టుకోమన్నారు. వంద నుంచి ఏడు చొప్పున తీసేస్తూ పొమ్మంటే టీచర్ తడుముకోకుండా చెప్పుకుపోయారు. నేను గర్వంగా ప్రమీల వైపు చూశాను. ఆ తర్వాత ఆయన ఆ మూడు మాటలూ అడిగారు. టీచర్ నవ్వి, "గవన్ని ఇప్పుడెందుకు సార్" అన్నారు. ఒక్కటీ రాలేదు. ఇది ఏ నెల అంటే వేసవిలో కార్తీకమన్నారు.

"అలవాటైన లెక్కలు చాన రోజులు ఉంటయమ్మా," అన్నారు డాక్టరు. "ఈ ప్రశ్నలతోనే తేల్చలేం. మునుపు ఎట్లుండె, ఎప్పటిసంది మారిందో దగ్గరోళ్లు చెప్పాలె. ఈమె సంగతి ఎవరికి బాగ ఎరుక?"

"నాకే" అన్నాను వెంటనే. దారి తప్పడమే మొదటిసారి, అంతకుముందు ఏమీ లేదన్నాను.

ప్రమీల తల దించుకుంది. "లేదు సార్. రెండేండ్లయితాంది. కూరల ఉప్పు ఏసి మల్ల ఏస్తది. అడిగిందే అడుగుతది. ఆదివారం వసంత వస్తదని ముందుగాలనే నేనొచ్చి చీర తీసిపెట్టి, ఏం మాట్లాడాల్నో యాది చేసి పోత."

నా చెవులు వేడెక్కాయి. తన మరుపును కూడా ఆవిడ ప్రమీల చేతికే ఇచ్చారు. ఇది వయసు మరుపు కాదు, మెల్లగా పెరిగే జబ్బు, ఒంటరిగా ఉంచొద్దు, వాదించొద్దు అని డాక్టరు చెబుతుంటే సగమే విన్నాను.

వరండాలో అడిగాను. "నాకెందుకు చెప్పలే టీచర్?"

ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. "ప్రమీల ముంగట తప్పు చేస్తె ఏంగాదు బిడ్డా. నువ్వు ఎన్నడు తప్పు చేయలే. నీ ముంగట సిగ్గయితది."

ఆ తర్వాత ప్రమీలా నేనూ వంతులు వేసుకుని ఆవిడ దగ్గర ఉన్నాం. చాలాకాలం నా వంతు రోజుల్లో ఆవిడ మాట తక్కువగా ఉండేది. ఒక మధ్యాహ్నం చెయ్యి కడుక్కుని వచ్చి, నా కళ్లలోకి చూసి, "నేను తిన్ననా?" అని అడిగారు. దాచలేదు, నవ్వి తప్పించుకోలేదు. అలాంటి ప్రశ్నకు సంతోషపడ్డందుకు నా మీద నాకే జాలి వేసింది. "తిన్నరు టీచర్. ఇంకింత పెట్టాల్నా?" అన్నాను.

ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నాకూ పేర్లు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోతుంటాయి. దాచుకోను. తెలిసినవాళ్లెవరినైనా అడిగేస్తాను. ఎక్కువగా ప్రమీలకే ఫోన్ చేస్తాను. అది ఠక్కున చెప్పేస్తుంది. అలా చెప్పినప్పుడల్లా ఇప్పటికీ నాకు కొంచెం మండుతుంది.